ప్రశ్న చిన్నది, కాలం పెద్దది

బిడ్డా,

మొన్న ఫోన్‌లో నువ్వడిగిన మాటే మనసులో తిరుగుతోంది. "వేపచెట్ల జబ్బు మీద పనిచేస్తా పెద్దనాన్నా, దానికి డబ్బులెవరిస్తారు?" అన్నావు. ఎమ్మెస్సీ ఫారెస్ట్రీ చదివి, అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ, పక్క మంచాల వాళ్లంతా జావా, పైథాన్, డెవాప్స్ అంటుంటే నువ్వు చెట్ల రోగాల గురించి అడిగావు. నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. మీ అమ్మానాన్నల బెంగ కూడా నాకు తెలుసు. మైత్రీవనం దగ్గర ఒక కోర్సు చేసేస్తే ఆరు నెలల్లో ఉద్యోగం వస్తుందని వాళ్ల ఆశ. వాళ్లతో నేను మాట్లాడతాను. నీకు చెప్పాల్సింది వేరే ఉంది.

డబ్బులెవరిస్తారన్నది రెండో ప్రశ్న. ఏ ఒక్క సంగతి తేల్చడానికి ఆ డబ్బు అడుగుతున్నావన్నది మొదటి ప్రశ్న. నీ ప్రశ్నను వీలైనంత చిన్నది చేసుకో. దానికిచ్చే కాలాన్ని వీలైనంత పెద్దది చేసుకో. కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి, ఎందరో పిల్లల ప్రాజెక్టు ప్రతిపాదనలు చదివి దిద్దినవాణ్ణి. నాకు అర్థమైన సారం ఇదే. మిగతాదంతా దీనికి వివరణ.

వేప సంగతే తీసుకో. 2021 చివర్లో తెలంగాణ అంతటా వేపచెట్లు చిటారు కొమ్మల నుంచి కిందికి ఎండుతూ రావడం నువ్వూ చూశావు. ఆకు గోధుమరంగుకు తిరిగి కొమ్మకే వేలాడేది. దూరం నుంచి చూస్తే చెట్టుకు మంట సెగ తగిలినట్టుండేది. పల్లెల్లో పొలం గట్ల మీద, మన ఎస్సార్ నగర్ గల్లీల్లో, హైవేల వెంట ఎక్కడ చూసినా అదే. జనం గుండెలు బాదుకున్నారు. బోనాలకు వేపమండ, ఉగాదికి వేపపువ్వు, ఆటలమ్మ పోస్తే పక్కన వేపాకు. ఇన్ని విధాల మన ఇళ్లతో అల్లుకున్న చెట్టు ఒక్కసారిగా ఎండితే భయం వేయదా?

రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు చూసి రెండు కారణాలు చెప్పారు. ఒకటి ఫోమాప్సిస్ అజాడిరాక్టే అనే శిలీంధ్రం. రెండోది టీ దోమ. శిలీంధ్రం కొత్తదేం కాదు. 1990ల్లో డెహ్రాడూన్ ప్రాంతంలో ఈ ఎండు తెగులు కనిపించింది. 1997లో మైసూరు పరిశోధకులు ఆ శిలీంధ్రాన్ని కొత్త జాతిగా గుర్తించి పేరు పెట్టారు. కొమ్మతో ఆగదది. కాయ కుళ్లుతుంది, గింజలోకీ చేరుతుంది. ఇక టీ దోమ పేరుకే దోమ. నిజానికి రసం పీల్చే నల్లి జాతి పురుగు. జీడిమామిడి, జామ రైతులకు బాగా తెలుసు. భూతద్దంలో చూస్తే దాని వీపు మీద గుండుసూది నిలబెట్టినట్టు ఒక ముల్లు కనబడుతుంది. లేత చిగురులోకి మూతి గుచ్చి రసం పీలుస్తుంది. గుచ్చిన చోట కణాలు చచ్చి మచ్చ పడుతుంది, ఒక్కోసారి బంక కారుతుంది.

ఇక్కడిదాకా పత్రికల్లో వచ్చింది. తరవాత జరిగింది ఆలోచించు. ఫిబ్రవరి, మార్చి నెలలొచ్చేసరికి చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. పచ్చడిలోకి పువ్వు దొరికింది. వార్తలు ఆగాయి, ఫోన్లు ఆగాయి. తరవాతి ఏళ్లలోనూ వానాకాలం వెళ్లే వేళకు ఆ జబ్బు మళ్లీ కనబడుతూనే ఉంది. చెట్టు ఎండినప్పుడు పరిశోధన చేయించాలని అందరూ అంటారు. చిగురించాక అడిగే నాథుడుండడు. అసలు పరిశోధన సాగాల్సింది చెట్టు పచ్చగా ఉన్న ఆ నెలల్లోనే. శిలీంధ్రం ఎండాకాలం ఎక్కడ తలదాచుకుంది? చెట్టు మీదే మిగిలిన ఎండుపుల్లల్లోనా, రాలిన గింజలోనా? పక్కపక్కనే ఉన్న రెండు చెట్లలో ఒకటి నిలువునా ఎండి ఇంకొకటి పచ్చగా ఎలా నిలబడింది? పచ్చగా ఉన్నప్పుడు లెక్క రాసుకున్నవాళ్లే వీటికి జవాబు చెప్పగలరు. నువ్వు డబ్బు అడిగితే ఆ నెలల కోసం అడుగు.

కాలం ఎంత పెద్దదో తెలియాలంటే శ్రీగంధం కథ వినాలి. 1899లో కొడగులో మెకార్తీ అనే ఆయన గంధపుచెట్లకు వచ్చిన వింత జబ్బును గుర్తించాడు. ఆకులు రానురాను సన్నగా చిన్నవైపోయి, కొమ్మ చివర ముళ్ల కుచ్చులా తయారై, రెండు మూడేళ్లలో చెట్టు చచ్చిపోయేది. స్పైక్ రోగం అన్నారు. గంధం మైసూరు సంస్థానానికి పెద్ద ఆదాయం. అంచేత చాలామంది వెంటపడ్డారు. 1917లో లెస్లీ కోల్‌మన్ రోగపు కొమ్మను మంచి చెట్టుకు అంటుకట్టి, జబ్బు అంటుకుంటుందని చూపించాడు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో శ్రీనివాసయ్య వంటి వాళ్లు ఏళ్ల తరబడి దీని మీద శ్రమపడ్డారు. వైరస్ అయ్యుండాలని చాలాకాలం అనుకున్నారు. 1969లో మూడు బృందాలు ఎవరి దారిన వాళ్లు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసి, అది వైరస్ కాదని, ఇప్పుడు ఫైటోప్లాస్మా అంటున్న గోడలేని సూక్ష్మజీవి అని తేల్చారు.

1899 నుంచి 1969. డెబ్బై ఏళ్లు. వేళ్లు తిన్నగా లేవని ఒకరు, ఎండ ఎక్కువని ఒకరు, చుట్టూ ఉన్న పొదలని ఒకరు అన్న ఆ మధ్యకాలం వృథా పోలేదు. కోల్‌మన్ అంటుకట్టి చూసిన ఆ ఒక్క చిన్న ప్రయోగం అప్పటిదాకా ఉన్న సగం వాదాలను పక్కకు నెట్టింది. ఆయన స్పైక్ రోగాన్ని నయం చేస్తానని బయలుదేరలేదు. ఇది అంటురోగమా, కాదా? అంతే అడిగాడు. అంతే తేల్చాడు. తరవాత వచ్చినవాళ్లందరూ ఆ మెట్టు మీద కాలుపెట్టే పైకెళ్లారు. నీ మూడేళ్ల ప్రాజెక్టు అలాంటి ఒక మెట్టు అయితే చాలు.

చాలామంది పిల్లలు ప్రతిపాదన మొదట్లోనే తప్పటడుగు వేస్తారు. "తెలంగాణ అడవుల ఆరోగ్య స్థితిపై సమగ్ర అధ్యయనం" అని శీర్షిక పెడతారు. చదివే కమిటీకి అది చూడగానే నమ్మకం పోతుంది. మూడేళ్లలో ఒక జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో), ఒక ఫీల్డ్ అసిస్టెంటు కలిసి ఎన్ని అడవులు తిరుగుతారు? నీ హాస్టల్ నుంచి నడిచి వెళ్లే దూరంలోనే ఎన్ని ప్రశ్నలున్నాయో చూడు. బల్కంపేట నుంచి పంజగుట్ట చౌరస్తా దాకా రోడ్డు పక్క వేపలు లెక్కపెట్టు. కొన్నింటికి మొదలు దాకా కాంక్రీటు పోశారు, నీటిచుక్క లోపలికి దిగే సందు లేదు. కొన్నింటి చుట్టూ ఇంకా మట్టి మిగిలి ఉంది. ఈ రెండు రకాల్లో ఏవి ఎక్కువ ఎండుతున్నాయి, ఏవి తొందరగా తేరుకుంటున్నాయి? ఇంకొంచెం ముందుకెళ్తే కేబీఆర్ పార్కు ఉంది. 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన అడవి ముక్క. దాని లోపలి వేపకూ, గోడ బయట బస్సుల పొగ పీల్చే వేపకూ తేడా ఉందా? ఇలాంటి ప్రశ్నకు అవుననో కాదనో అంకెలతో జవాబు చెప్పొచ్చు. అలా చెప్పగలిగిందే మంచి ప్రశ్న.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం అడవిలో ఈదురుగాలికి ఒక్కరోజులో వేలకు వేల చెట్లు నేలకొరిగాయి. మొదటి అంచనాలోనే యాభై వేలన్నారు. మూడు నెలలకు, డిసెంబరు 4న, అదే జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఇక చూడు, రెండింటికీ ముడిపెట్టి ఎన్ని కథలో! అటవీశాఖ వాళ్లు వాతావరణ శాఖను, బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రాన్ని (ఎన్ఆర్ఎస్‌సీ) అడిగారు, ఉపగ్రహ చిత్రాలు చూశారు. అక్కడ నేల లోతు ఎంత, వేళ్లు ఎంతలోపలికి వెళ్లాయి, గాలి ఏ దిక్కు నుంచి ఏ వేగంతో వచ్చింది అన్నవి ఓపిగ్గా కొలవాల్సిన సంగతులు. పెద్ద సంఘటన జరిగినప్పుడు పెద్ద కారణం చెప్పాలనిపిస్తుంది. నీకూ అనిపిస్తుంది. ఎవరైనా మైకు పెట్టి అడిగితే ఇంకా అనిపిస్తుంది. అప్పుడు నువ్వు కొలిచిందెంతో అంతే చెప్పు.

ఇక చేతిపని. ప్రతిపాదనలో "నమూనాల సేకరణ" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. పని గెలిచేదీ ఓడేదీ అక్కడే. పూర్తిగా ఎండిన పుల్ల కోసుకొచ్చావనుకో, దాని మీద చచ్చిన కట్టె తినే బూజులు పదిరకాలు ఉంటాయి. వాటిలో దొంగ ఎవరో తెలియదు. పచ్చదనం ఆగి గోధుమరంగు మొదలయ్యే అంచు ఉంటుంది చూడు, అక్కడ కొయ్యాలి. సగం బతికిన భాగం, సగం చచ్చిన భాగం ఒకే ముక్కలో రావాలి. ప్లాస్టిక్ కవర్లో వేస్తే చెమ్మపట్టి గంటల్లో బూజెక్కుతుంది. కాగితపు కవర్లో పెట్టి, చెట్టు నంబరు, తేదీ, కొమ్మ ఎత్తు, దిక్కు, ఎండ తగిలే వైపా కాదా అన్నీ అక్కడికక్కడే పెన్సిల్‌తో రాయి. పెన్ను సిరా తడికి చెదిరిపోతుంది. ల్యాబుకొచ్చాక చిన్న ముక్కలు చేసి, సోడియం హైపోక్లోరైట్‌తో పైపొర శుద్ధిచేసి, పీడీఏ ప్లేటులో పెట్టాలి. శిలీంధ్రం పెరిగితే సంబరపడిపోకు. దాన్ని శుద్ధంగా వేరుచేసి, ఆరోగ్యంగా ఉన్న వేప మొక్కకు ఎక్కించి, అదే జబ్బు లక్షణాలు వచ్చాయో లేదో చూసి, ఆ మొక్క నుంచి మళ్లీ అదే శిలీంధ్రాన్ని బయటికి తీయాలి. కాక్ నియమాలు నువ్వు పరీక్షలకు చదివావు. ఇప్పుడవి నీ బడ్జెట్లో కనబడాలి. మొక్కలు పెంచే షేడ్‌నెట్, కుండీలు, వాటిని చూసుకునే మనిషి, ఎనిమిది పది నెలల కాలం. ఇవన్నీ లెక్కలో రాయకపోతే ఆ నియమాలు కాగితం మీదే మిగిలిపోతాయి.

ఇప్పుడు డబ్బు. నువ్వు ఇప్పటికిప్పుడు నీ పేరు మీద ప్రాజెక్టు వెయ్యలేవు. విశ్వవిద్యాలయంలోనో పరిశోధన సంస్థలోనో శాశ్వత ఉద్యోగంలో ఉన్నవాళ్లు పీఐగా, అంటే ప్రధాన పరిశోధకులుగా ఉండాలి. నీకు రెండు దారులున్నాయి. ఒకటి, ఇప్పటికే నడుస్తున్న ప్రాజెక్టులో జేఆర్ఎఫ్‌గా చేరడం. రెండోది, సీఎస్ఐఆర్-నెట్ లైఫ్ సైన్సెస్ రాసి నీ సొంత ఫెలోషిప్ తెచ్చుకోవడం. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్‌కు నెలకు 37,000, రెండేళ్ల తరవాత సీనియర్ (ఎస్ఆర్ఎఫ్) అయితే 42,000 రూపాయలు, దానిపైన ఇంటి అద్దె భత్యం. రెండోదానికే నా ఓటు. నీ డబ్బు నీతో వస్తే గైడును ఎంచుకునే స్వేచ్ఛ నీకుంటుంది, ప్రశ్నను ఎంచుకునే స్వేచ్ఛా కొంత ఉంటుంది. పీహెచ్‌డీ తరవాత నేషనల్ పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్, ఉద్యోగం వచ్చాక కొత్తగా చేరినవాళ్లకిచ్చే గ్రాంట్లు. వీటిని అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ (ఏఎన్ఆర్ఎఫ్) ఇస్తోంది. 2023లో చట్టం చేసి పెట్టిన సంస్థ అది. పరిశోధనలకు నిధులిచ్చే పాత బోర్డు ఎస్ఈఆర్‌బీ అందులో కలిసిపోయింది. 2023 నుంచి 2028 వరకు యాభై వేల కోట్లని చెప్పారు. అందులో ఎక్కువ భాగం ప్రభుత్వం బయటి నుంచి రావాలన్నది అంచనా. అందుకే పెద్ద అంకె చూసి ధీమా పడకు. పోటీ కూడా అంతే పెద్దది.

అడవి రోగాలకే ప్రత్యేకించిన తలుపులు వేరే ఉన్నాయి. డెహ్రాడూన్ కేంద్రంగా ఉన్న అటవీ పరిశోధన మండలి ఐసీఎఫ్ఆర్ఈ, దాని కింద మన దూలపల్లిలోని అటవీ జీవవైవిధ్య సంస్థ. రాష్ట్ర అటవీశాఖ దగ్గర కాంపా నిధులున్నాయి. అడవి భూమిని వేరే పనులకిచ్చినప్పుడు కట్టించుకున్న డబ్బది. 2016 చట్టం తరవాత, 2019 ఆగస్టులో కేంద్రం రాష్ట్రాలకు 47,000 కోట్లకు పైగా పంచితే తెలంగాణ వాటా 3,000 కోట్లు దాటింది. అందులో ఎక్కువ మొక్కలు నాటడానికీ, అడవి కాపాడడానికీ పోతుంది. కానీ 2018 నిబంధనల్లో అడవిలో చీడపీడల అదుపు అన్న పని కూడా ఉంది. ఆ వాక్యాన్ని గుర్తుపెట్టుకో. అధికారుల ముందు కూర్చున్నప్పుడు దాన్ని చూపించి మాట్లాడు. నాటిన మొక్క ఫొటోలో బాగా పడుతుంది. పదేళ్ల చెట్టు జబ్బును కనిపెట్టడం ఫొటోలో పడదు. అంచేత నువ్వు అంకెలతో చూపించాలి.

బడ్జెట్ రాసేటప్పుడు పరికరాల మీద మోజు పడకు. పీసీఆర్ మెషీన్లు, సీక్వెన్సింగ్ సౌకర్యాలు ఈ ఊళ్లో ఎన్నో చోట్ల ఉన్నాయి, రుసుము కట్టి వాడుకోవచ్చు. నీకు లోటు వచ్చేది మనుషుల దగ్గర, ప్రయాణాల దగ్గర. ప్రతి నెలా అదే చెట్టు దగ్గరికి వెళ్లాలి. చెట్టెక్కగలిగిన మనిషి కావాలి. ఆ మనిషికి న్యాయమైన కూలి రాయి, ప్రమాద బీమా రాయి. రెండో విడత డబ్బు రావాలంటే మొదటి విడతకు యూసీ, అంటే ఖర్చు లెక్క చూపే పత్రం, పంపాలి. బిల్లులు మొదటి రోజు నుంచే తేదీల వారీగా ఫైల్లో పెట్టు. మార్చి 31 దగ్గరపడుతోందని అక్కర్లేని రసాయనాలు కొనకు. అది ప్రజల సొమ్ము. ఫెలోషిప్ కూడా నెలనెలా ఠంచనుగా పడకపోవచ్చు. కొన్ని నెలలు ఆగి ఒకేసారి రావడం పరిశోధక విద్యార్థులందరికీ తెలిసిన బాధ. నాలుగు నెలల హాస్టల్ ఫీజు ఎప్పుడూ పక్కన పెట్టుకో. దానికి సిగ్గుపడకుండా నన్నడుగు.

అనుమతుల విషయంలో చూసీచూడనట్టు పోకు. రిజర్వు అడవిలో కొమ్మ కోయాలన్నా అటవీశాఖ అనుమతి ఉండాలి. అభయారణ్యంలో అడుగుపెట్టి పరిశోధన చెయ్యాలంటే 1972 వన్యప్రాణి చట్టం కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఇవ్వాలి. ఏదైనా విదేశీ ల్యాబుకు నీ శిలీంధ్రం పంపాలనిపిస్తే 2002 జీవవైవిధ్య చట్టం చదివి, జాతీయ జీవవైవిధ్య సంస్థ నిబంధనలు తెలుసుకున్నాకే కదులు. ఈ కాగితాలకు నెలలు పడతాయి. వానాకాలంలో నమూనాలు కావాలంటే చలికాలంలోనే అర్జీ పెట్టాలి. కాలపట్టికలో ఆ నెలలు రాసిన ప్రతిపాదన చూస్తే, ఈ పిల్లకు పని తెలుసని కమిటీకి అర్థమవుతుంది.

నువ్వున్న చోటును తక్కువగా చూడకు. అమీర్‌పేట నీకు అడ్డం కాదు. అక్కడ నేర్పే పైథాన్, డేటా అనాలిసిస్ నీకు కావాలి. ఎన్ఆర్ఎస్‌సీ నడిపే భువన్‌లో మన నేల చిత్రాలున్నాయి. ఐరోపా వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు పది మీటర్ల స్పష్టతతో కొద్దిరోజులకొకసారి ఉచితంగా దొరుకుతాయి. ఏ ఊళ్లో వేపతోపు ఎప్పుడు ఎర్రబడి ఎప్పుడు పచ్చబడిందో వెనకటి ఏళ్ల నుంచీ చూడొచ్చు. చెట్టు తెలిసినవాళ్లకు కోడింగ్ రాదు, కోడింగ్ వచ్చినవాళ్లకు చెట్టు తెలియదు. నీకు రెండూ వస్తే నీకు దారి ఇవ్వాల్సిందే. మీ అమ్మానాన్నలకు కూడా అదే చెప్తాను. సాయంత్రం బ్యాచిలో చేరు. ఆ ఫీజు వృథా కాదు.

మనుషులను కలువు. రాజేంద్రనగర్‌లో వేప మీద పనిచేసినవాళ్లున్నారు, అక్కడే జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఉంది. సిద్దిపేట ములుగు ఫారెస్ట్ కాలేజీలో, ఉస్మానియా వృక్షశాస్త్ర విభాగంలో అధ్యాపకులున్నారు. వాళ్ల పాత వ్యాసాలు చదివి, ఒక పేజీలో నీ ప్రశ్న రాసుకుని వెళ్లు. ఖాళీ చేతులతో వెళ్లి "ఏదైనా టాపిక్ ఇవ్వండి సార్" అనకు. ఒక పేజీ తెచ్చిన పిల్లతో ఎవరైనా కూర్చుని మాట్లాడతారు.

డిగ్రీలు లేనివాళ్ల దగ్గరికి కూడా వెళ్లు. చెట్టు మారడం మొదట చూసేది వాళ్లే. నల్లమలలో చెంచులు, ఏటూరునాగారం వైపు కోయలు, మన వీధిలో కొమ్మలు కొట్టే మున్సిపల్ కూలీలు, బోనాలప్పుడు వేపమండలు కోసుకొచ్చి అమ్మేవాళ్లు. తపసి బంకనే చూడు. గొడ్డలితో లోతుగా గాట్లు పెట్టి బంక తీస్తే చెట్టు గాయం మానక చచ్చేది. పైపైన చిన్న గాటు పెట్టి, మానేంత వ్యవధి ఇచ్చి, మళ్లీ తీసే పద్ధతి వచ్చాక అదే చెట్టు ఏళ్ల తరబడి బంకనిస్తోంది. బంక తీసేవాళ్లతో కూర్చుని చేసిన పని కాబట్టే అది అడవిలో నిలబడింది. నీ ఫలితాలు కూడా ఒక తెలుగు కరపత్రంగా వాళ్లకు చేరాలి. దాని అచ్చు ఖర్చు బడ్జెట్లో ఒక పద్దుగా రాయి.

ఖమ్మం రైతులకు జామాయిల్ నేర్పిన పాఠం కూడా మరిచిపోకు. ఒకే రకం క్లోన్లను తోటలు తోటలుగా వేసుకున్నాక, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఒక బొబ్బ పురుగు, మిల్లీమీటరు పైచిలుకు కందిరీగ, ఆకు ఈనెల మీద బొబ్బలు పుట్టించింది. 2000ల మొదట్లో దక్షిణాదిన కనబడింది. దానికి శాస్త్రీయనామం పెట్టింది 2004లో. పేరు తెలిసేసరికే తోటలు వంకర్లు తిరిగాయి. కొన్ని క్లోన్లు తట్టుకున్నాయి, దాన్ని తినే పరాన్నజీవి కందిరీగలు కూడా తోడొచ్చాయి. ఏ క్లోన్ తట్టుకుంటోందో, ఏ బొబ్బలో ఏ పురుగు బయటికొస్తోందో లెక్కపెట్టినవాళ్లు ఉన్నారు కాబట్టే ఆ సంగతి తెలిసింది. లెక్కపెట్టడం చిన్న పని కాదు తల్లీ.

నీ మొదటి ప్రతిపాదన తిప్పి పంపుతారేమో. రెండోదీ పంపొచ్చు. అప్పుడు ఒక కథ గుర్తుచేసుకో. వందేళ్ల కింద ఐరోపాలో ఎల్మ్ చెట్లు వరసగా చస్తుంటే, మొదటి ప్రపంచయుద్ధంలో వాడిన విషవాయువులే కారణమని కొందరన్నారు. నెదర్లాండ్స్‌లో యోహన్నా వెస్టర్‌డైక్ అనే ప్రొఫెసరమ్మ ల్యాబులో బేయా ష్వార్ట్స్ అనే యువతి, 1922లో తన పీహెచ్‌డీ పుస్తకంలో, ఒక శిలీంధ్రమే కారణమని చూపించింది. చాలామంది ఒప్పుకోలేదు. అదే ల్యాబుకొచ్చిన క్రిస్టీన్ బౌస్మన్ మళ్లీ ప్రయోగాలు చేసి, 1927లో దాన్ని అనుమానం లేకుండా నిలబెట్టింది. ఆ జబ్బుకు డచ్ ఎల్మ్ అని పేరొచ్చింది ఆ అమ్మాయిల పని వల్లే. ఒకరు అన్నమాటను ఇంకొకరు ఓపిగ్గా మళ్లీ చేసి చూశారు. నువ్వు మొదటిదానివి కాకపోయినా ఫరవాలేదు. రెండోసారి చేసి నిజమని తేల్చేవాళ్లు కూడా కావాలి. కమిటీ రాసిన అభ్యంతరాలు చింపి పారేయకు. కోపం చల్లారాక చదువు. వాటిలో సగం నీ పనిని బాగుచేస్తాయి.

చివరగా చెయ్యాల్సిన పనులు చెప్తాను. ఈ వారంలోనే ఒక పుస్తకం కొని, మీ హాస్టల్ నుంచి బల్కంపేట ఎల్లమ్మ గుడి దాకా ఉన్న వేపలకు నంబర్లు వెయ్యి. నెలకొకసారి వాటిని చూసి రాయి. ఎండిన కొమ్మలెన్ని, మొదట్లో మట్టి ఎంత, చిగురు ఎప్పుడొచ్చింది, పువ్వు పూసిందా లేదా. దానికి ఎవరి గ్రాంటూ అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఏడాది తిరిగేసరికి ఆ పుస్తకంలో ఎక్కడా లేని అంకెలుంటాయి. అవి నీ ప్రతిపాదన మొదటి పేజీలో పెట్టు. నెట్ పరీక్షకు చదువు, సాయంత్రం కోర్సుకు వెళ్లు, వేళకు తిను. ప్రతిపాదన ముసాయిదా రాశాక నాకు పంపు. ఎర్ర సిరాతో దిద్ది పంపడం నా బాధ్యత. నీ మీద, నీ ఓపిక మీద నాకు పూర్తి నమ్మకం ఉంది.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న